అత్తగారికి కాపలా

మా ఇంట్లో అందరికంటే ముందు యుద్ధంలోకి దూకేది మా అత్తగారు. ఇనుప డాలు పట్టుకుని, "రండ్రా, ఎంతమంది వస్తారో చూస్తాను" అంటూ దయ్యాల గుంపు మధ్యకు వెళ్ళి నిలబడుతుంది. ఫోన్ ఆటలో ఆవిడ పెట్టుకున్న పేరు 'గోడ'. దుకాణం కౌంటరు దగ్గర కూర్చున్నప్పుడూ ఆవిడ గోడే. కాకపోతే అక్కడ దయ్యాల బదులు "నా కోటు గుండీ ఊడగొట్టారు" అంటూ జనం వస్తారు.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ముందు కౌంటరు, దాని వెనక ఆవిరి ఇస్త్రీ బల్లలు, ఆ వెనక ఉతికే యంత్రాలు, వాటన్నిటి మీదుగా హ్యాంగర్లు వేలాడే ఇనుప కడ్డీలు. నేను పెద్దకోడల్ని, కడ్డీల బాధ్యత నాది. ఎవరి కోటు ఎక్కడ వేలాడుతోందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అయినా మా అత్తగారు నేను మడిచిన చొక్కాను విప్పి, పెదవి విరిచి, మళ్ళీ మడుస్తుంది. బాగాలేదని నోటితో అనదు. అంటే పోట్లాడవచ్చు.

ఆవిడ మోకాలి ఆపరేషన్ అయి మంచాన పడ్డప్పుడు, అమ్మ ఊరికే కూర్చోలేదని మా మరిది ఆవిడ ఫోన్లో ఈ ఆట ఎక్కించాడు. "ఈ వయసులో నాకిదేం పోయేకాలంరా" అని విసుక్కున్న మనిషి, నాలుగు రోజులు తిరక్కుండానే మందులు మింగడం కూడా మరిచిపోయేంతగా అందులో మునిగిపోయింది. ఒంటరిగా వెళితే ప్రతి గుహలోనూ గుమ్మం దగ్గరే చస్తోంది. పక్కన ఇంకొకరు ఉండాలి. ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టేదీ స్నానం చేయించేదీ నేనే కాబట్టి నన్నే లాగింది. "నువ్వూ ఒక బొమ్మను పెట్టుకోవే. ఎలాగూ ఇక్కడే పడుంటావుగా" అంది.

నేను పెట్టుకున్న బొమ్మ పని బంట్లను పిలవడం. మట్టిలోంచీ బూడిదలోంచీ ఎముకల కుప్పల్లోంచీ సేవకులను లేపి వాళ్ళతో యుద్ధం చేయిస్తుంది, తను మాత్రం చేతికి మట్టి అంటకుండా వెనక నిలబడుతుంది. ఆటవాళ్ళు పెట్టిన పేరేదో ఉంది గాని, మా ఇంట్లో దాన్ని పిలుపులమ్మ అంటాం. లెవెల్ పెరిగినప్పుడల్లా కొన్ని పాయింట్లు వస్తాయి. వాటితో ఏ స్కిల్ నేర్చుకోవాలో మనమే ఎంచుకోవాలి. నేను అటూ ఇటూ చూడకుండా అన్నీ ఒక్కదాంట్లోనే పోశాను. దాని పేరు కాపలా. ఒక బంటును ఒక మనిషికి కాపలా పెడితే, ఆ మనిషి మీద పడే దెబ్బ ముందు ఆ బంటు మీద పడుతుంది. నా బంటు ఒక ఎముకల కుక్క. పేరు మొండి. దాన్ని తీసుకెళ్ళి అత్తగారి కాళ్ళ దగ్గర పెట్టాను.

మొదటిసారి మొండి అడ్డుపడి ఆవిడ చావు తప్పించుకున్నప్పుడు, దిండు మీదికి వాలిపోయి "బతికించావే!" అంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆవిడ నోట నా గురించి విన్న మొదటి మంచిమాట అది. ఆ రోజుల్లోనే ఆవిడ బరువంతా భుజం మీద వేసుకుని మెట్లు దించేదాన్ని. దానికి మాత్రం "నెమ్మది, నెమ్మది, పడేస్తావు" అనేది. ఆటలో ఎముకల కుక్క ఒక్క గంతు వేస్తే చాలు, బతికించావే! మరి నేను ఎక్కడ మనసు పెట్టుకుంటాను?

ఆవిడ లేచి నడిచాక కూడా ఆట ఆగలేదు. మా ఆయన విలుకాడుగా చేరాడు, మరిది గాయాలు మాన్పే వైద్యుడుగా చేరాడు. సెలవు రోజు మధ్యాహ్నం షట్టరు దించేసి, బట్టలు మడిచే పెద్ద బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. నా కుర్చీ అత్తగారి కుర్చీ పక్కన. అది నాదని ఎవరూ రాసివ్వలేదు. అయినా నాదే.

అలా ఉండగా మా మరిది పెళ్ళి చేసుకున్నాడు.

తోడికోడలు మంచిపిల్ల. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పడానికి నాకు నోరు రాదు. వచ్చిన కొత్తలోనే ఆవిరి ఇస్త్రీ కిటుకు పట్టేసింది. ఆ పిల్ల మడిచిన మొదటి చొక్కాను మా అత్తగారు విప్పబోయి, ఆగి, అటూ ఇటూ తిప్పి చూసి, అలాగే అరలో పెట్టేసింది. కడ్డీకి వేలాడుతున్న కోట్ల సందులోంచి నేను చూశాను. కొత్తొక వింత, పాతొక రోత అని సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ సెలవు రోజున మా మరిది బల్ల దగ్గర పెళ్ళాన్ని కూర్చోబెట్టి, "వదినా, ఈవిడ కూడా ఆడుతుంది. చిన్నప్పటినుంచీ అలవాటేనట" అన్నాడు, ఏదో తనే నేర్పినట్టు.

"ఏ బొమ్మ?" అని అడిగాను.

"బంట్లని పిలిచేదేనక్కా, మీలాగే" అంది ఆ పిల్ల. "నాకది తప్ప ఇంకోటి చేతకాదు."

ఎన్నెన్ని బొమ్మలున్నాయి ఆ ఆటలో! కత్తి తిప్పేవి ఉన్నాయి, నిప్పులు కక్కేవి ఉన్నాయి, పాట పాడి శత్రువును నిద్రపుచ్చేది కూడా ఉంది. వాటిల్లో ఒక్కటీ ఈ మహాతల్లికి పనికిరాలేదు. ఆ బొమ్మ నా సొత్తు కాదనీ, లోకంలో ఎంతోమంది అదే ఆడతారనీ నాకు తెలియక కాదు. తెలిస్తే మాత్రం మంట ఆరుతుందా?

ఆ పిల్ల అత్తగారికి రెండో పక్క కూర్చుంది. గుహలోకి దిగీ దిగగానే బంకమట్టిలోంచి ఒక రాక్షసుణ్ణి లేపింది. మా ఉతికే యంత్రమంత వెడల్పున్నాడు వాడు. నేను వాణ్ణి చూస్తూ ఉండగానే నా ఫోన్లో 'కాపలా మారింది' అని ఒక ముక్క మెరిసింది. అత్తగారి కాళ్ళ దగ్గర మొండి ఒకసారి మినుకుమని బూడిదైపోయింది.

"నా కుక్కేదీ?" అని అరిచాను.

"అయ్యో, నేనేనక్కా!" అంది తోడికోడలు. "ముందు నిలబడేవాళ్ళకి కాపలా పెట్టడం నాకు చేతి అలవాటైపోయింది. ఒక మనిషికి ఒక్క కాపలాయే నిలుస్తుంది కదా, మీది ఎగిరిపోయింది. ఉండండి, మావాణ్ణి తీసేస్తాను."

"ఇప్పుడు తీశావంటే చస్తాను" అంది అత్తగారు ఫోన్లోంచి తలెత్తకుండా. "ఉండనీ."

ఉండనిచ్చాం. పోరు ముగిశాక అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇదేమిట్రా, ఒంటి మీద గీత కూడా పడలేదు!" అని మురిసిపోయి, పక్కకు తిరిగి ఆ పిల్లతో "బతికించావమ్మా!" అంది.

అదే మాట. నేను నెలల తరబడి ఒళ్ళు దాచుకోకుండా చాకిరీ చేసి సంపాదించుకున్న మాటను, ఆటలోకి వచ్చిన రోజునే తీసి ఆ పిల్ల చేతిలో పెట్టేసింది.

సాయంత్రం మా ఆయనా నేనూ ఆరిన దుప్పట్లు మడుస్తున్నాం. చెరో కొసా పట్టుకుని లాగి, మడిచి, దగ్గరికి వచ్చి, మళ్ళీ దూరం జరగాలి. నేను లాగే లాగుడుకు ఆయన ముందుకు తూలాడు.

"దుప్పటి ఏం చేసింది నిన్ను?" అన్నాడు.

"మీ అమ్మనే అడగండి."

"లోకంలో కోడళ్ళు అత్తగారి పీడ ఎప్పుడు వదులుతుందా అని మొక్కుకుంటారు. నువ్వేమో మా అమ్మ నీకే కావాలని తోడికోడలితో తగువు పడుతున్నావ్. బయట చెబితే నవ్వుతారు."

"నవ్వనీండి. ఆ పిల్ల రాకముందు ఆవిడకి నా కుక్క చాల్లేదా?"

"అమ్మ అప్పుడప్పుడూ చచ్చిపోయేదిగా మరి."

ఆ మాటకు నేను కొస వదిలేశాను. దుప్పటి నేల మీద పడింది. మళ్ళీ ఉతకవలసి వచ్చింది.

చివరికి వంతులు పెట్టుకున్నాం. ఒక వారం నా కుక్క కాపలా, ఒక వారం ఆ పిల్ల రాక్షసుడి కాపలా. ఆ పిల్ల "మీ ఇష్టం అక్కా, ఎలా అంటే అలా" అని ఒప్పుకుంది. కనీసం కాదని ఒక మాట అని ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

ఆ వంతులే మా కొంప ముంచాయి. కొలిమి గుహ అని ఒకటుంది. దాని చివరి గుమ్మంలో సుత్తి పట్టుకున్న దయ్యం కాపు కాస్తుంది. దాన్ని దాటడమే మా అత్తగారి పంతం. నా కుక్క వంతు వచ్చినప్పుడు ఆ సుత్తి దెబ్బకు మొండి ముక్కలైపోయేది, మిగిలిన దెబ్బ ఆవిణ్ణి పడగొట్టేది. రాక్షసుడి వంతు వచ్చినప్పుడు ఆవిడ చెక్కుచెదరకుండా నిలబడేది. కాని దయ్యాన్ని చంపేంత బలంగా కొట్టేవాళ్ళు ఎవరూ లేరు. మా ఆయన బాణాలు దానికి దోమకాట్లు. నా పాయింట్లన్నీ కాపలాలోనే ఉన్నాయి, అందుకని ఆ రోజుల్లో నేను చేతులు ముడుచుకుని బొమ్మలా కూర్చునేదాన్ని. దయ్యం తీరిగ్గా తన గాయాలు తనే మాన్పుకుని మళ్ళీ మొదలుపెట్టేది.

ఇలా ఉండగా ఒకనాడు గుహలో ఏదో పాత పెట్టెలో మాకొక రాయి దొరికింది. మరుజన్మ రాయి. అది వాడినవాళ్ళు తమ పాయింట్లన్నీ వెనక్కి తీసుకుని, స్కిల్స్ మళ్ళీ మొదటినుంచి ఎంచుకోవచ్చు. ఒక్కరికే, ఒక్కసారే.

"ఎవరికిద్దాం?" అన్నాడు మరిది.

తోడికోడలు కొంచెం మొహమాటపడి, లేచి నా కడ్డీల దగ్గరికి వెళ్ళింది. నా కడ్డీల దగ్గరికి! ఒక సన్నటి తీగ హ్యాంగరూ, ఒక లావుపాటి చెక్క హ్యాంగరూ తీసింది. యంత్రంలోంచి అప్పుడే తీసిన తడి ఉన్నికోటు తెచ్చి తీగ హ్యాంగరుకు తగిలించింది. భుజాలు రెండూ వంగిపోయి కోటు జారి కింద పడింది. దాన్నే చెక్క హ్యాంగరుకు తగిలిస్తే కదలకుండా నిలిచింది.

"అక్కా, తప్పుగా అనుకోకండి" అంది. "కాపలా అంటే ఇంతే. బరువు మోసేది బలంగా ఉండాలి. మీ కుక్క ఎన్ని పాయింట్లు పోసినా తీగే. కాని తీగ హ్యాంగర్లు ఇన్ని చొక్కాలు మోస్తున్నాయి చూశారా?" అని నిండుగా ఉన్న కడ్డీ చూపించింది. "మీరు కాపలా వదిలేసి దండు తీసుకోండి. చిన్న చిన్న బంట్లు గుంపులుగా వస్తాయి. మీరు కొట్టండి. అత్తయ్యని నేను చూసుకుంటాను."

అత్తయ్యని నేను చూసుకుంటాను. ఎంత తేలిగ్గా అందో! ఆ తడికోటు తీసి ఆ పిల్ల నెత్తిన వేయాలనిపించింది. ఆ పిల్ల చెప్పింది నిజం కావడం పుండు మీద కారం చల్లినట్టుంది. మా ఆయన తలూపాడు. మరిది ఎప్పుడో తలూపేశాడు. నేను అత్తగారి వైపు చూశాను. ఒక్క మాట అంటుందనుకున్నాను. వద్దులే, దాని కుక్కే చాలు అంటుందనుకున్నాను.

ఆవిడ కాసేపు చెక్క హ్యాంగరు వైపు చూసి, "అలాగే చెయ్యవే" అంది. "ఎంతకాలమని నా వెనకే నక్కి ఉంటావు? నువ్వూ నాలుగు దెబ్బలు కొట్టు."

నక్కి ఉన్నానట!

రాయి నా ఫోన్లోనే ఉంది. రోజంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి అదే ఆలోచించాను. వాడకపోతే ఎవరూ నన్ను కొట్టరు. నా కుక్క నాకుంటుంది, వారం విడిచి వారం ఆవిడ కాళ్ళ దగ్గర చోటుంటుంది. కాని ఆవిడ ఆ గుమ్మం దాటదు. దాటనిది నావల్లేనని అందరికీ తెలుస్తుంది, ఆ పిల్ల మాత్రం "పోన్లెండి అక్కా" అంటుంది. ఆ "పోన్లెండి" వినడం నావల్ల కాదు. ఆవిరి కక్కుతున్న ఇస్త్రీపెట్టెను పక్కన పెట్టి, రాయి మీద వేలు నొక్కాను. కాపలా సున్నా అయింది. మొండి బొమ్మ రంగు పోయి తెల్లబడింది. నాకు ఏడుపొచ్చింది. ఎముకల కుక్క కోసం ఏడ్చానని ఎవరికైనా తెలిస్తే తలకాయ ఎక్కడ పెట్టుకోవాలి?

పాయింట్లన్నీ దండులో పెట్టాను. ఎముకల ఎలుకల దండు. నిజానికి దుకాణంలో ఎలుక కనబడితే బల్ల ఎక్కి అరిచేదాన్ని నేను. ఇప్పుడు నా ప్రారబ్ధం ఎలుకలతో. ఆ వరసలోనే ఆయుష్షు అని ఇంకో స్కిల్ ఉంది. అందులో కొన్ని పాయింట్లు పెడితే ఎలుకలు ఎక్కువసేపు బతుకుతాయి. "అందులో కొంచెం పెట్టండక్కా, మీకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది" అని తోడికోడలు మరీ మరీ చెప్పింది. ఆ పిల్ల చెప్పింది కాబట్టే పెట్టలేదు. ఒక్కటి కూడా పెట్టలేదు. అన్నీ ఎలుకల సంఖ్యలోనే పోశాను.

సెలవు రోజు షట్టరు దించి బల్ల చుట్టూ కూర్చున్నాం. నా కుర్చీలోనే కూర్చున్నాను గాని, చుట్టపుచూపుగా వచ్చినట్టుంది. గుమ్మం ముందు మట్టిరాక్షసుడు అత్తగారి పక్కన నిలబడ్డాడు. సుత్తిదయ్యం లేచింది. నేను పిలవడం మొదలుపెట్టాను.

ఏం చెప్పను! నేల పగిలి ఎలుకలు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే దయ్యం కాళ్ళ మీదికి పాకాయి. కొరికాయి, చచ్చాయి. ఆయుష్షు లేదు కదా, చూస్తూ ఉండగానే రాలిపోయేవి. అందుకని మళ్ళీ పిలవాలి. పిలిచిన దండు దయ్యాన్ని చేరేలోపలే ఇంకో దండును పిలవాలి. వేలు ఎత్తడానికి సందు లేదు, పక్కకు చూడడానికి అసలే లేదు. దయ్యం గాయం మాన్పుకోబోతే అక్కడికే ఒక దండును తోలాను. సుత్తి ఎత్తితే ఆ చేతి మీదికే ఎక్కించాను. మొదట కసితో పిలిచాను, ఆ పిల్ల మీది కోపమంతా ఎలుకలకు నూరిపోసి పిలిచాను. తర్వాత కోపం ఎప్పుడు జారిపోయిందో తెలియదు. ఇన్నాళ్ళూ ఒకరి వెనక నిలబడి దెబ్బలు కాచుకోవడమే ఆట అనుకున్నాను. కొట్టడంలో ఇంత మజా ఉందని నాకెవరూ చెప్పలేదు. ఎవరో ఏదో అరుస్తున్నారు, నాకు వినబడలేదు. చివరికి ఆ దయ్యం మోకాళ్ళ మీద కూలి, మొహం నేలకు కొట్టుకుని, పగిలిపోయింది. గుమ్మం తెరుచుకుంది.

మరిది బల్ల మీద దరువేశాడు. మా ఆయన "ఎలుకలమ్మా, నీకో దండం!" అన్నాడు. తోడికోడలు లేచి వచ్చి నా భుజాలు పట్టుకుని ఊపేస్తూ, "అక్కా, మీ పుణ్యమే! దానికి ఊపిరాడనివ్వలేదు" అంది. నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. నవ్వు మాత్రం ఆగడం లేదు.

అత్తగారు మాత్రం ఫోన్ బోర్లా పెట్టి, కళ్ళజోడు తీసి, తుడిచిందే తుడుస్తోంది.

"ఏంటమ్మా, ఇన్నాళ్ళకి గెలిస్తే అలా ఉన్నావ్?" అన్నాడు మా ఆయన.

"గెలిచాం. కాదన్నానా?"

"మరింకేంటి?"

"పిలిచాను, పిలిచాను, గొంతు పోయింది" అంది ఆవిడ. "ఒకసారి ఇటు చూడవే, ఇటు చూడవే అని. ఇంతసేపట్లో నేను బతికున్నానో చచ్చానో ఎవరైనా చూశారా?"

"నేను చూస్తూనే ఉన్నానుగా అత్తయ్యా" అంది తోడికోడలు. "మీ మీద ఒక్క దెబ్బ కూడా పడనివ్వలేదు."

"నువ్వు కాదమ్మా" అంది అత్తగారు.

నిజమే, పోరు మొదలైనప్పటినుంచీ నేను ఆవిడ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలన్న సంగతే గుర్తు లేదు. ఆవిడ మూతి ముడుచుకుని, గోడకేసి తిరిగి కూర్చుంది. అంత పెద్దమనిషి, కౌంటరు దగ్గర ఎవరికీ లొంగని మనిషి, నా మీద అలిగింది. ఇన్నాళ్ళుగా మండుతున్న నా కడుపు ఒక్కసారిగా చల్లబడింది.

అప్పుడు తోడికోడలి వైపు చూశాను. ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది, పెదవులతో మాత్రం. చేతులు నా భుజాల మీదనుంచి ఎప్పుడు తీసేసిందో తీసేసింది. ఆ ముఖం నాకు కొత్త కాదు. అద్దంలో రోజూ చూసుకుంటున్నదే. అది ఎంత మండుతుందో, రాత్రి ఎలా నిద్ర పట్టనివ్వదో ఈ ఇంట్లో నాకంటే తెలిసినవాళ్ళు లేరు. నేనే వెళ్ళి ఆ పిల్లతో ఒక మంచిమాట అనాలి. పెద్దదాన్ని కదా.

అంటాను. రేపు అంటాను. ఇవాళ మా అత్తగారు నా మీద అలిగింది, ముందు ఆవిణ్ణి బతిమాలుకోవాలి.